పెరటి కోళ్లకు రాత్రి కాపలా: గూటిని ఒకసారి బయటి నుంచి చూడండి

పొందూరు మండలంలో వ్యవసాయం చేసే ఇళ్లలోనూ, మగ్గం నేసే ఇళ్లలోనూ పెరట్లో నాలుగు కోళ్లు మేపుకోవడం మామూలే. గుడ్లు ఇంట్లో పిల్లలకు, పుంజులు సంక్రాంతికి, చేతిలో డబ్బు ఆడనప్పుడు అమ్ముకోవడానికి ఒక పెట్ట. ఆ డబ్బు చాలా ఇళ్లలో ఆడవాళ్ల చేతి డబ్బు. ఒక్క రాత్రి గూటి తలుపు సరిగా పడకపోతే, ఆరు నెలల మేపు తెల్లారేసరికి ఈకల కుప్ప అవుతుంది.

ఇలా నష్టపోయిన వాళ్లలో చాలామందికి గూడు ఉంటుంది. కానీ అది కోళ్లు బయటకు రాకుండా కట్టిన గూడు. బయటి జంతువు లోపలికి పోకుండా కట్టింది కాదు. ఈ తేడా తెలియాలంటే పట్టపగలు గూటి ముందు కూర్చుని, మీరే అడవిపిల్లి అనుకుని చూడండి. చెయ్యి ఎక్కడ దూరుతుంది, మట్టి ఎక్కడ మెత్తగా ఉంది, ఏ తాడు లాగితే ఊడుతుంది అన్నవి వెతకండి.

వచ్చింది ఎవరో ముందు తెలుసుకోండి

కోడి పోయిన తెల్లారి కుప్ప ఊడ్చేయకండి. గుర్తులన్నీ అక్కడే ఉంటాయి. ఒకే కోడి పోయి, ఈకలు చేను గట్టు దాకా దారిగా పడి ఉంటే అది నక్క గానీ అడవిపిల్లి గానీ అయ్యుండాలి (కొన్ని ఊళ్లలో దీన్నే జంగుపిల్లి అంటారు). రెండూ ఎత్తుకుపోయి తింటాయి. నాలుగైదు కోళ్లు చచ్చి, ఎక్కడివక్కడ నలిగిపోయి, తినకుండా పడి ఉంటే ముందు ఊరకుక్కలను అనుమానించండి. పాపం నక్క మీదికి పోయే నేరాల్లో చాలావరకు కుక్కలవే.

కోడి గూట్లోనే ఉండి తల మాత్రం లేకపోతే, వల సందులోంచి బయటి జంతువు పట్టి లాగిందని అర్థం. తలుపుకు తాళం వేసినా ఈ నష్టం ఆగదు, వల మార్చాల్సిందే. చిన్న పిల్లలు రోజుకొకటి మాయమవుతూ, గోడ పక్కన కన్నం, తవ్విన మట్టి కనిపిస్తే పందికొక్కు పని. గుడ్లు, పిల్లలు ఏ ఆనవాలూ లేకుండా పోతుంటే పాము. ఒక్కోసారి మింగలేక వదిలేసిన పిల్ల తడిసి ముద్దై పడి ఉంటుంది. పైకప్పు తాటాకు పక్కకు జరిగి ఉంటే పునుగుపిల్లో మానుపిల్లో పైనుంచి దిగింది. మానుపిల్లి చెట్లు, ఇంటి కప్పులు ఎక్కడంలో ఆరితేరినది. ముంగిస మాత్రం పగటి దొంగ, దాన్ని ఈ లెక్కలో వేయకండి.

ఇంకో మాట. గాయం లేకుండా కోడి చచ్చి ఉంటే, లేదా చచ్చిన తర్వాత ఏదో కొరికినట్టు ఉంటే, అది కొక్కెర తెగులు కావచ్చు. కోళ్లు నీరసంగా ముడుచుకోవడం, పచ్చగా పారడం, మెడ తిరగడం కనిపిస్తే గూడు బాగుచేసే పని పక్కనపెట్టి పశువైద్యశాలకు వెళ్లండి. చచ్చిన కోడిని పెంటకుప్ప మీద పారేయకుండా సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి. పెంట మీద పడేస్తే రోగం పాకుతుంది, నక్కకు మీ పెరటి దారి అలవాటవుతుంది.

గూడు

అసలు ఖర్చు పెట్టాల్సింది వల మీద. బజారులో తక్కువ ధరకు దొరికే ఆరు మూలల కోళ్ల జాలీ కోడిని ఆపుతుంది గానీ కుక్క పంటికి ఆగదు. సన్నటి పాము పిల్ల, ఎలుక దానిలోంచి సులువుగా దూరతాయి. అర అంగుళం కన్నం ఉన్న వెల్డింగ్ జాలీ కొనండి. గూడంతా కొనలేకపోతే కింది నుంచి రెండడుగుల ఎత్తు వరకు, తలుపుకు మాత్రం అది వేసి, పైన పాత జాలీనే ఉంచండి. సన్నటి నూలుకు పేరున్న ఊరు మనది. పోగుల మధ్య ఎంత సందు ఉండాలో పొందూరు నేతగాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. జాలీ విషయంలోనూ అదే చూపు పెట్టండి.

వనరాజ లాంటి కోళ్లు పెంచేవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకం ఇది. నాటుకోడి చీకటి పడితే చెట్టెక్కి కూర్చుంటుంది. వనరాజ బరువైన కోడి, అంత ఎత్తుకు ఎగరలేదు, నేల మీదే పడుకుంటుంది. దానికి గూడే దిక్కు. పాత నాటుకోళ్లతో అలవాటైన పద్ధతి దీనికి సరిపోదు.

పది పెద్ద కోళ్లకు నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చాలు. నేల మీద కాకుండా రెండు మూడడుగుల ఎత్తులో కాళ్ల మీద నిలపండి. ప్రతి కాలికీ నూనె డబ్బా రేకు కత్తిరించి, గొడుగు బోర్లించినట్టు చుడితే ఎలుకలు, పాములు పైకి రావడం కష్టమవుతుంది. రేకు పెట్టి, పక్కనే గోడకు నిచ్చెన ఆనించి వదిలేస్తే పని దండగ. జామ కొమ్మలు గూటిని తాకుతున్నా అంతే. మనది తుఫాను తీరం. హుద్‌హుద్, తిత్లీ రెండూ చూశాం. ఎత్తు మీద నిలిపిన గూటిని నాలుగు మూలలా గట్టి తాడుతో నేలలో దిగేసిన మేకులకు కట్టండి.

నేల మీద గూడే ఉంటే, చుట్టూ అడుగున్నర వెడల్పున జాలీని నేల మీద పరచి, అంచులు గూటికి కట్టి, పైన రాళ్లు, మట్టి వేయండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, జాలీ అడ్డం వస్తే వదిలేస్తుంది. చిన్న గాలి సందులు పైభాగంలో తప్పకుండా ఉంచండి. ఉక్కపోతలో అన్ని వైపులా మూసేస్తే కోళ్లు వేరే రకంగా చస్తాయి.

తలుపుకు తాడు చాలదు. ఇనుప గడియ, దానికి అడ్డంగా చీల పెట్టండి.

పొద్దు గూకే వేళ

కార్తీకం, మార్గశిరం నెలల్లో మన తీరంలో ఐదున్నరకే చీకటి ముసురుతుంది. ఎండాకాలపు అలవాటుతో ఏడు గంటలకు గూడు మూస్తే, ఆలోపే ఒకటో రెండో చీకట్లో పడిపోతాయి. సాయంత్రం గుప్పెడు నూకలు గూట్లోనే వేయండి, నాలుగు రోజుల్లో అవే వచ్చి కూర్చుంటాయి. కొత్తగా తెచ్చిన కోళ్లను మూడు నాలుగు రోజులు గూడు దాటనివ్వకండి. మూసే ముందు లెక్కపెట్టండి, గుడ్లన్నీ తీసేయండి. మిగిలిన నూకలు ఊడ్చేయండి. నూకలకు ఎలుక వస్తుంది, ఎలుక కోసం పాము వస్తుంది.

చీకట్లో టార్చి లేకుండా గూట్లో చెయ్యి పెట్టవద్దు. పాము కరిస్తే నాటువైద్యం కోసం తిరగకుండా 108కి ఫోన్ చేయండి. కుక్క గానీ నక్క గానీ కరిస్తే గాయాన్ని సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి.

కోపంలో కొందరు విషం కలిపిన మాంసం పెడతారు, కంచెకు కరెంటు తగిలిస్తారు. విషం మీ కుక్కనీ, పక్కింటి కోళ్లనీ చంపుతుంది. కరెంటు తీగ చీకట్లో నడిచే మనిషినీ వదలదు. పైగా నక్క, అడవిపిల్లి, పునుగుపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి, చంపితే కేసు. నాఫ్తలీన్ ఉండలు, వెల్లుల్లి పాములను ఆపుతాయనీ నమ్ముకోకండి. ఆ డబ్బుతో ఒక గజం జాలీ వస్తుంది.

ఒకసారి కోడి దొరికిన చోటికి ఆ జంతువు మళ్లీ వస్తుంది, తరచుగా ఆ మర్నాటి రాత్రే. కాబట్టి ఈ రోజు కోడి పోతే గూడు బాగయ్యేదాకా మిగిలిన కోళ్లను ఇంటి లోపల, సిమెంటు నేల మీద గంప కింద కమ్మి, పైన బరువు పెట్టండి. వసారాలో ఉంచితే కుక్క గంపను దొర్లించేస్తుంది. మర్నాడు ఉదయం గూటి చుట్టూ సన్నటి ఇసుక చల్లి చదును చేయండి. రాత్రి వచ్చినదాని అడుగులు అందులో పడతాయి, ఏ వైపు కన్నం వెతికిందో మీకే తెలుస్తుంది.