తావు మారినను పనిచెడని యంత్రభాష

1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందు మారిస్ విల్క్స్ బృందము నిర్మించిన ఎడ్సాక్ గణనయంత్రము తొలిసారి పనిచేసినప్పుడు, అక్షరములతో వ్రాసిన ఆదేశములను ద్విసంఖ్యలుగా మార్చి స్మృతిలో నిలుపు భారమును వహించినది, పరిశోధక విద్యార్థియైన డేవిడ్ వీలర్ రచించిన 31 ఆదేశముల చిన్న ప్రోగ్రాము. అసెంబ్లరునకు ఆదిరూపము అదియే యనుటకు నేను సందేహింపను. వీలర్ అంతటితో తృప్తిపడక, ఆ సంవత్సరమే దానిని 41 ఆదేశములకు పెంచి, ప్రత్యేకాక్షరముతో గుర్తించిన చిరునామాలకెల్ల సబ్‌రొటీను యొక్క ఆరంభస్థానమును అదియే కూడునట్లు చేసెను. అందుచే కాగితపు టేపుపై రంధ్రములుగా భద్రపఱచిన సబ్‌రొటీనును స్మృతిలో ఎచ్చట చేర్చినను అది పనిచేసెడిది. కాని ఒకసారి చేరిన పిమ్మట అది ఆ తావునకే బద్ధమయ్యెడిది.

ఆ బంధమును సైతము త్రెంచి, చేర్చునప్పుడు ఏ సవరణయు అక్కఱలేని సంకేతమును సాధింపవలెనన్న యత్నమునకు చక్కని నిదర్శనము మోటరోలావారి 6809 మైక్రోప్రాసెసరు. దాని రూపశిల్పులైన టెర్రీ రిట్టర్, జోయెల్ బోనీ 1979లో బైట్ పత్రికలో దాని తత్త్వమును తామే వివరించిరి. పూర్వపు 6800లో దగ్గరి గెంతులకే పరిమితమైయున్న సాపేక్షగణనను, అనగా గమ్యమును చిరునామాగా గాక దూరముగా చెప్పు పద్ధతిని, వారు 64 కిలోబైట్ల స్మృతి యంతటికిని, దత్తాంశమునకును విస్తరింపజేసిరి.

ఇచ్చట అసెంబ్లరు చేయు గణితము సరళము. 1000వ స్థానమున రెండు బైట్ల పిలుపు ఉండి, పిలువబడు సబ్‌రొటీను 1050వ స్థానమున ఉన్నచో, తదుపరి ఆదేశపు స్థానమైన 1002ను తీసివేసి 48 అని వ్రాయును. సర్వమును 4000 స్థానములు ముందుకు జరిపినను, 5050 నుండి 5002 పోగా మిగులునది ఆ 48యే.

కాని చిరునామాలకు పెట్టిన ప్రతి పేరును ఇట్లు దూరముగా మార్చు అసెంబ్లరు ప్రమాదకరము. ఊరేగింపులో నడుచువారి నడుమ ఎడము మారదు గాని, దారి ప్రక్కనున్న ధ్వజస్తంభమునకును వారికిని గల దూరము అడుగడుగునకు మారుచుండును. టెర్మినలునకు అక్షరములను పంపు పోర్టు అట్టి స్తంభము. దాని చిరునామా సంపూర్ణముగా, యథాతథముగా వ్రాయబడవలెను. కావున ప్రోగ్రాముతో కదలునదెయ్యది, నిలిచియుండునదెయ్యది అను భేదమును అసెంబ్లరు తన పేర్ల పట్టికలో ప్రతి పేరు చెంతను గుర్తుంచుకొనవలెను. కదలు పేరునుండి కదలు పేరును తీసివేసిన వచ్చునది స్థిరసంఖ్య. ఆ రెంటిని కూడుట అర్థరహితము, దానిని దోషమని ప్రకటింపవలెను. ఈ కళలో నా దృష్టికి అత్యంత గంభీరమైన అంశము ఈ వివేకమే.

ఇంకొక చిక్కు కలదు. దూరము -128 నుండి 127 లోపున ఉన్నచో ఒక బైటు చాలును, మించినచో రెండు కావలెను. అయితే ముందున్న గమ్యము ఎంత దూరమో తెలియుటకు నడుమనున్న ఆదేశముల పొడవు తెలియవలెను, ఆ పొడవులు మరల అట్టి దూరములమీదనే ఆధారపడియుండును. 1978లో థామస్ సిమాన్‌స్కీ ప్రకటించిన పద్ధతిలో అన్నింటిని పొట్టివిగానే మొదట భావించి, అందనివానిని మాత్రము పెంచుచు, పెంచవలసినవి ఏవియు మిగులకుండువఱకు మరల మరల లెక్కింతురు.

చిరునామాల పట్టికలకును ఇదే న్యాయము: పట్టికలో చిరునామాకు బదులు పట్టిక మొదటినుండి గల దూరమును వ్రాసి, పట్టిక తానున్న తావును ప్రోగ్రాము నడుచునప్పుడు తెలిసికొని కూడవలెను. మైక్రోవేర్ సంస్థ 6809 కొఱకు రచించిన ఓఎస్-9 అను నిర్వాహక వ్యవస్థ, ప్రోగ్రాములన్నియు ఇట్టి సంకేతముననే ఉండవలెనని నియమించి, స్మృతిలో ఖాళీయున్న చోటనెల్ల వానిని ఏ మార్పును లేకయే నిలిపి నడిపెను.