హీరో పేరులో మన అక్షరాలు

రైల్లో కాగజ్‌నగర్ నుంచి బల్లార్షా వైపు వెళ్తుంటే మకుడి తర్వాత విరూర్ వస్తుంది. ఈ రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలోదే. రాష్ట్రాల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఇంట్లో తెలుగు మిగిలింది, బడి మరాఠీదయింది.

హైదరాబాదులో "నువ్వు ఎవరి అభిమానివి?" అంటే ఏ హీరో పక్షమో చెప్పాలి. ఇక్కడ మాత్రం ఏ హీరో పేరు చెప్పినా ముందు తెలుగువాడివని తెలిసిపోతుంది. లేదా, మొన్నటిదాకా అలా తెలిసేది.

2021లో 'పుష్ప' వచ్చింది. హిందీలో అల్లు అర్జున్‌కు గొంతు ఇచ్చింది మరాఠీ నటుడు శ్రేయస్ తల్పడే. ఇక మరాఠీ పిల్లలకూ ఆయనే హీరో! మన పిల్లవాడికి మిగిలిన గొప్ప, అసలు డైలాగు తెలియడమే. అదీ చిత్తూరు యాస. ఇంట్లో అవ్వ మాట్లాడే యాసంటే మాత్రం నామోషీ. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి జనమంతా కలిసి చూశారు. అందులో వినిపించేది అవ్వ మాటకు దగ్గరిదే కదా!

నా బాధ మరొకటి. డైలాగులు కంఠతా వచ్చిన అభిమాని పోస్టరు మీద హీరో పేరు చదవలేడు. తల్లిదండ్రులారా, ఆ పేరుతోనే మొదలుపెట్టండి. 'అల్లు'లో లకు ల వత్తు. 'అర్జున్' మరాఠీలో రాస్తే ర వెళ్లి జ నెత్తినెక్కుతుంది. తెలుగులో ర నిలబడుతుంది, జ కిందికి దిగుతుంది. ఈ కిటుకు పట్టుబడితే 'ధర్మం', 'సూర్యుడు' కూడా చదివేస్తాడు.