ఇనుముకు చిత్రిక

సీలేరు జలవిద్యుత్ కేంద్రం గురించి మాట్లాడితే కొండలు, నీళ్లు, కరెంటు... ఇవే గుర్తొస్తాయి. ఎగువ సీలేరులో ఒక్కోటి 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు. తొలి రెండూ 1967-68లో తిరిగాయి, మిగతా రెండూ 1994-95లో. అంత ఒత్తిడితో దూసుకొచ్చే నీరు బయటికి చిమ్మకుండా ఆపేదేమిటి? చదునైన ఇనుప ముఖాలు! టర్బైన్ మూత అయినా, గొట్టాల అంచులైనా ఎదురెదురుగా ఆనించి బోల్టులు బిగించాల్సిందే. ముఖం ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత మంచి ప్యాకింగ్ వేసినా నిలవదు.

మనిషి పొడవుండే ఇనుప దిమ్మను అద్దంలా చదును చేయడమెలా? రెండొందల ఏళ్ల క్రితం ఉలితో చెక్కి, ఆకురాయితో రుద్దేవారు. చదరపు అడుగుకు కూలి 12 షిల్లింగులు! వడ్రంగి చెక్కకు చిత్రిక పట్టినట్టే ఇనుముకూ పట్టే ప్లేనింగ్ యంత్రాన్ని 1817లో మాంచెస్టర్‌లో రిచర్డ్ రాబర్ట్స్ చేశాడు. వడ్రంగి దగ్గర చిత్రిక కదులుతుంది, ఇక్కడ కదిలేది ఇనుమే. బల్లమీద బిగించిన దిమ్మ ముందుకీ వెనక్కీ జరుగుతుంటే పైనున్న ఉలి ఒక్కో చార చొప్పున గీసుకుంటూ పోతుంది.

లండన్‌లో జోసెఫ్ క్లెమెంట్ 1825లో ఆరడుగుల దిమ్మలకు సరిపడే యంత్రం కట్టాడు. బాబేజ్ లెక్కల యంత్రం భాగాలు తయారుచేసింది ఈయనే. దాదాపు పదేళ్లు అంత పెద్దది మరొకటి లేదు. రాత్రీపగలూ తిరిగి రోజుకు 20 పౌండ్ల దాకా సంపాదించిపెట్టేదట. యంత్రాలు పెరిగాక అదే చదరపు అడుగు పని పెన్నీలోపే అయిపోతోందని 1856లో జోసెఫ్ విట్‌వర్త్ చెప్పాడు. షిల్లింగుకు 12 పెన్నీలు. అంటే ఖర్చు 144వ వంతుకు పడిపోయిందన్నమాట!

చదును అయిందో లేదో తేల్చే ఉపాయమూ విట్‌వర్త్ పేరుమీదే చెబుతారు (ఆ ఘనత ఆయన గురువు మాడ్స్‌లేదనే వాళ్లూ ఉన్నారు). రెండు పలకలు ఒకదానికొకటి అతికినంత మాత్రాన చదునైనట్టు కాదు. ఒకటి ఉబ్బి, రెండోది గుంటపడినా అతుకుతాయి. అందుకే మూడు పలకలు తీసుకోవాలి. రంగు పూసి ఏ రెండింటిని ఆనించినా అంతటా సమానంగా అంటుకుందంటే... మూడూ చదునే. దొంగ దొరక్కపోవడమంటూ ఉండదు.

గుండ్రటి పెద్ద భాగాలకు 1839లో బోడ్మర్ మరో దారి చూపాడు. కుమ్మరి సారెలా పడుకుని తిరిగే బల్లమీద ఇనుమును పెట్టి, పైనుంచి ఉలి దించడం. నిలువుగా వేలాడదీస్తే బరువుకు వంగిపోయే ముక్క సారెమీద కుదురుగా కూర్చుంటుంది. టర్బైన్ భాగాల ముఖాలు తీసే నేటి భారీ బోరింగ్ మిల్లులు ఈ సంతతే.

అయినా చేతిపని పోలేదు. యూనిట్ బరువంతా మోసే థ్రస్ట్ బేరింగ్ పలకలకు నీలిరంగు అద్ది, అది అంటుకున్న మిట్టల్ని పదునైన స్క్రేపర్‌తో ఒక్కొక్కటిగా గీకేది ఫిట్టరే. మళ్లీ ఆనించి, మళ్లీ గీకుతాడు.