గీటు ఒక్కటే, విరుపు గాజుదే

మూడంచుల ఆకురాయి గాజు గొట్టాన్ని కోయదు. పైన సన్నని గీటు పెడుతుంది, అంతే. మిగతా పని గాజే చేసుకుంటుంది.

ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి రసాయనశాస్త్ర ప్రయోగాల పుస్తకంలో పిల్లలకు మొదట్లోనే నేర్పే పనుల్లో ఇదొకటి. బట్టల కొట్టులో కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, మిగతాది చర్రున చింపినట్టే ఇదీ. దీని వెనక కారణాన్ని ఇంగ్లండు ఇంజినీరు ఎ.ఎ. గ్రిఫిత్ తేల్చాడు. గాజును సన్నని పోగులుగా లాగి పరీక్షిస్తే, పోగు సన్నబడేకొద్దీ దాని మందంతో పోల్చిచూసినప్పుడు ఎక్కువ బరువు మోసింది. మామూలు గాజును బలహీనపరిచేది దానిలోని కంటికి ఆనని పగుళ్లేనని 1921లో అచ్చయిన వ్యాసంలో వివరించాడు. వంచినప్పుడు ఒత్తిడంతా పగులు మొన దగ్గరే పోగవుతుంది. లోహమైతే అక్కడ కాస్త సాగి తట్టుకుంటుంది. గాజుకు ఆ గుణం లేదు. ఆకురాయి చేసేదల్లా ఆ పగులు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించడమే.

అందుకే గీటు ఒక్కటే ఉండాలి. గొట్టాన్ని బల్లమీద ఆనించి, ఆకురాయి అంచును అడ్డంగా పెట్టి, ఒక్కసారి గట్టిగా తోస్తే చాలు. చుట్టూ గీయనక్కర్లేదు. ముందుకూ వెనక్కూ రాకితే పక్కపక్కనే నాలుగు గీట్లు పడి, విరుపు వంకర తిరుగుతుంది. గీటు మీద నీటిచుక్క వేయడం పాతకాలపు చాదస్తం కాదు: పగులు మొన దగ్గర సిలికాన్, ఆక్సిజన్ బంధాలు తెగడానికి నీటి అణువులు నిజంగానే తోడ్పడతాయి.

తర్వాత గొట్టానికి గుడ్డ చుట్టి, గీటు అవతలివైపు ఉండేలా పట్టుకుని, దానికి సరిగ్గా వెనక రెండు బొటనవేళ్లూ ఆనించాలి. వంచుతూనే చేతులను ఎడంగా లాగాలి. విరగకపోతే బలం పెంచకూడదు, గీటు సరిచూసుకోవాలి. అరిగిన ఆకురాయిని ఏళ్ల తరబడి వాడించే ప్రయోగశాలలు ఈ విషయం తప్పక పట్టించుకోవాలి. గీటు సరిగా పడనప్పుడే పిల్లలు చేతిబలాన్ని నమ్ముకుంటారు, వేళ్లు తెగేదీ అప్పుడే. బోరోసిలికేట్ గాజు మీద ఉక్కు ఆకురాయి త్వరగా మొద్దుబారుతుంది. దానికి టంగ్‌స్టన్ కార్బైడ్ అంచున్న గాజు కత్తి మేలు.

ఇంజెక్షన్ మందుండే ఆంప్యూళ్లనూ గాజు గొట్టాల నుంచే తయారుచేస్తారు. ఒకప్పుడు మందు పెట్టెలోనే చిన్న ఆకురాయి ముక్క వచ్చేది. కాంపౌండరు దాంతో ఆంప్యూల్ మెడ మీద ఓసారి గీసి టక్కున విరిచేవాడు. ఇప్పుడు చాలావాటికి ఫ్యాక్టరీలోనే గీటు పెట్టి, ఎటు పట్టి విరవాలో తెలిసేలా రంగుచుక్క వేస్తున్నారు.

లావుపాటి గొట్టాలు చేతులకు లొంగవు. వాటికి గీటు పెట్టాక, ఎర్రగా కాల్చిన గాజు కడ్డీ మొనను గీటు చివర తాకిస్తారు. ఆ వేడికి పగులు గొట్టం చుట్టూ పాకుతుంది.

విరిగిన అంచు బ్లేడులా ఉంటుంది. దాన్ని మంటలో తిప్పుతూ కాస్త కరిగిస్తే తలతన్యత వల్ల తనంతట తానే గుండ్రబడుతుంది. ఎక్కువసేపు ఉంచితే మాత్రం రంధ్రం కుంచించుకుపోతుంది, సన్న గొట్టమైతే పూర్తిగా మూసుకుపోతుంది.