పాత సైకిల్ విప్పే ముందు సరైన పానా వెతకండి

ఉప్పల్, నాచారం, మల్లాపూర్ గల్లీల్లో ఇప్పటికీ కొన్ని ఇళ్ల మెట్ల కింద పాత నల్ల సైకిల్ కనిపిస్తుంది. దాదా ఫ్యాక్టరీ డ్యూటీకి తొక్కిందో, అబ్బా పాల క్యాన్లు కట్టుకొని తిరిగిందో. బాగు చేయించి పిల్లాడికి ఇద్దామని విప్పడం మొదలుపెడతారు. అరగంటలో ఏదో ఒక నట్టు మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది. తర్వాత ఉలి, సుత్తి, చివరికి కబాడీ బండి. తుప్పు పట్టిన సైకిల్‌ను నిలబెట్టొచ్చు. తప్పు పానాతో పాడైన దాన్ని నిలబెట్టడం చాలా కష్టం.

అసలు చిక్కు కొలతల్లో ఉంది. పాత ఇంగ్లండ్ సైకిళ్ల నట్లు చాలా వరకు అంగుళాల లెక్కలోనివి. మన దగ్గర టీఐ సైకిల్స్ 1949లో మద్రాసులో మొదలైంది, ఆసన్‌సోల్‌లో సెన్ ర్యాలీ ఉండేది. వాటికి కూడా ఆ బ్రిటిష్ పద్ధతే పునాది. ఉదాహరణకు 1/4 విట్‌వర్త్ పానా తీసుకోండి. ఆ 1/4 అనేది పానా నోటి కొలత కాదు, బోల్టు లావు. నోరు 13.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంట్లో ఉన్న 13 నంబర్ పానా ఆ నట్టుకి ఎక్కదు, 14 పెడితే జారుతుంది. మూలలు అరిగేది అక్కడే. డబ్బులో వచ్చే చిల్లుల పానా కూడా బిగువుగా కూర్చోకపోతే దాన్ని పక్కన పెట్టడమే మంచిది.

రెండో చిక్కు, ఏ వైపు తిప్పాలి అన్నది. ఎడమ పెడల్‌కి ఉల్టా చూడీ ఉంటుంది. మామూలు నట్టు అనుకొని బలం పెట్టినకొద్దీ ఇంకా బిగుస్తుంది. ఉస్తాద్‌ల లెక్క సులువు: పానాను పెడల్ మీద పైకి నిలబెట్టి వెనక చక్రం వైపు లాగాలి. కుడిదైనా ఎడమదైనా అలాగే ఊడుతుంది. పెడల్ పానా 15 నంబర్‌ది, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కింద బేరింగ్ గుండ్లు పట్టుకునే కప్పుల్లో కూడా చైన్ వైపుది ఉల్టానే. పైగా మామూలు బ్రిటిష్ కప్పుకి అంగుళానికి 24 చూడీలు ఉంటే పాత ర్యాలీకి 26. ఒకదాని కప్పు ఇంకోదాంట్లో బలవంతంగా తిప్పితే ఫ్రేమ్ చూడీలే పోతాయి. కప్పు బాగుంటే విప్పకుండా లోపలే తుడిచి గ్రీజు పెట్టుకోవచ్చు.

ఎక్కువ నష్టం జరిగేది కాటర్ పిన్ దగ్గర. పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న మేకు లాంటి ముక్క అది, ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. సైకిల్ మొత్తంలో చవకైన సామాన్లలో ఒకటి. కానీ దాన్ని అడ్డదిడ్డంగా కొడితే దెబ్బ బేరింగ్ గుండ్లకి, ఇరుసుకి తగులుతుంది. పిన్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటే ఇక ముందుకీ వెనక్కీ కదలదు. ముందు రోజు రాత్రే నూనె చుక్కలు వేసి వదిలేయాలి. పొద్దున నట్టును పూర్తిగా తీసేయకూడదు, పిన్ కొసకి సమానంగా వచ్చే వరకు వదులు చేయాలి. కడ్డీ కింద ఇనుప పైపు ముక్క నిలబెట్టాలి. పిన్ తల పైపు నోట్లోకి దిగేంత వెడల్పు ఉండాలి. దెబ్బ నేలకి పోతుంది, గుండ్లకి పోదు. అప్పుడు నిటారుగా గట్టిగా ఒక్క దెబ్బ చాలు. పది చిన్న దెబ్బలే పిన్‌ను చెడగొడతాయి. దీని కోసమే తయారైన కాటర్ ప్రెస్ దొరికితే సుత్తే అక్కర్లేదు. అప్పటికే తల విచ్చుకుపోయిందా, సైకిల్‌ను నాచారం పారిశ్రామికవాడలో ఏదైనా లేత్ షాపుకి తీసుకెళ్లి డ్రిల్లు వేయించడం మేలు.

వెనక ఫ్రీవీల్ తొక్కినకొద్దీ బిగుసుకుంటుంది. ఏళ్లపాటు తొక్కినది చేత్తో ఊడుతుందా! కొన్నిటికి రెండు గాట్లు, కొన్నిటికి నాలుగు. గాట్లకి సరిపోయే రిమూవర్ పెట్టి, జారకుండా ఇరుసు నట్టుతో అదిమి, దాన్ని వైస్‌లో పట్టించి, చక్రాన్నే స్టీరింగ్‌లా ఎడమకి తిప్పాలి. కదలగానే ఇరుసు నట్టు వదులు చేయాలి. రిమ్ మార్చాలనుకునేవాళ్లు పుల్లలు కోయడానికి ముందే ఈ పని చేసుకోవాలి. పుల్లలు పోతే పట్టుకు తిప్పడానికి ఏమీ మిగలదు.

ఇవన్నీ కొనాలా? ఒక్క సైకిల్ కోసం అయితే లెక్క కుదరదు. పెడల్ పానా, మంచి సుత్తి, పైపు ముక్క ఇంట్లో ఉంటే చాలు. ఫ్రీవీల్ పనికి వైస్ ఉన్న పాత ఉస్తాద్ దగ్గరికి చక్రం ఒక్కటీ తీసుకెళ్లొచ్చు. అంగుళాల పానాల కోసం గురువారం జుమ్మేరాత్ బజార్‌లో వెతకొచ్చు. సైకిల్ నట్టు ఒకటి జేబులో వేసుకెళ్లి అక్కడే పెట్టి చూసుకోవాలి.

జాగ్రత్త ఎందుకంటే, పిన్నులు, గుండ్లు లాంటి చిల్లర సామాను ఇంకా అమ్ముతారు. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ మాత్రం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజే ఆగిపోయింది. ర్యాలీ చైన్ వీల్ మధ్యలో కొంగ తలలు చెక్కి ఉంటాయి. అలాంటిది పగిలితే మళ్లీ దొరకడం అదృష్టమే.

కొత్త కాటర్ పిన్ కొనేటప్పుడు పాతది వెంట తీసుకెళ్లండి. 9 మిల్లీమీటర్లది, 9.5 మిల్లీమీటర్లది రెండూ ఉంటాయి. పెద్ద రంధ్రంలో చిన్నది వేస్తే కడ్డీ ఊగుతూనే ఉంటుంది. రెండు పిన్నులూ ఒకదానికొకటి ఎదురు దిక్కుల్లో దూర్చాలి, లేకపోతే పెడళ్లు ఒక వరుసలో రావు. బిగించాక పిల్లాడు ఒకటి రెండు రోజులు తొక్కనిచ్చి నట్టును మళ్లీ ఒకసారి బిగించండి.