భూకంప సన్నద్ధత: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మట్టి మిద్దెలపై ప్రత్యేక శ్రద్ధ అవసరం

2021 నవంబరు 29 తెల్లవారుజామున వెల్లూరుకు పశ్చిమ నైరుతి దిశలో 59 కిలోమీటర్ల దూరాన 3.6 తీవ్రతతో భూమి కంపించినట్లు జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం నమోదు చేసింది. నెల తిరగకముందే, డిసెంబరు 25న, వెల్లూరుకు పశ్చిమ వాయవ్య దిశలో మరొక స్వల్ప ప్రకంపన సంభవించింది.

2002లో సవరించిన భారత ప్రమాణాల పటంలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ముప్పు తక్కువగల రెండవ మండలంలో చేర్చబడ్డాయి. ఇది కొంత ఊరటనిచ్చే విషయమే. అయితే మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతం 1993 నాటి పటంలో అంతకంటె సురక్షితమైన ఒకటవ మండలంలో ఉండేది. ఆ సంవత్సరం సెప్టెంబరు 30న, తెల్లవారుజామున 4 గంటలు కావస్తుండగా, అక్కడ సంభవించిన భూకంపంలో దాదాపు 10 వేల మంది మరణించారు. వారిలో అత్యధికులు నిద్రలో ఉండగా, బురదమట్టితో పేర్చిన రాతిగోడలు, మందపాటి మట్టికప్పులు కూలి మీద పడినవారే.

రాయలసీమ గ్రామాల్లో మిగిలియున్న మట్టి మిద్దెల నిర్మాణం దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. వాన కారకుండా మిద్దెపై ఎప్పటికప్పుడు కొత్తమట్టి వేయుట వాడుక. పాతమట్టి తొలగించనందున ఏళ్ళు గడిచేకొద్దీ దూలాలపై బరువు పెరుగుతుంది. కావున కొత్తమట్టి వేయుటకు ముందు పాతది దింపించుట ఆ ఇంటికి అన్నిటికంటె ముఖ్యమైన జాగ్రత్త. రాతిగోడ లోపలి, వెలుపలి వరుసలు విడిపోకుండా అక్కడక్కడ గోడ మందమంతా పట్టే పొడవాటి రాళ్ళు ఉండాలి. కొత్తగా కట్టేవారు తలుపులు, కిటికీల పైభాగాన గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ వేయించుకోవాలి.

ఇంటిలో మొదట చూడవలసినది పడుకునే చోటు. మంచం పక్కన బీరువా, పైన అటకమీద బిందెలు, మూటలు ఉండరాదు. బీరువాను గోడకు బిగించాలి. గ్యాస్ సిలిండరు రెగ్యులేటరు కట్టివేయుట ఇంటిల్లిపాదికీ తెలిసియుండాలి. టార్చిలైటు, చెప్పులు మంచం వద్దనే ఉంచుకోవాలి.

భూమి కంపించినప్పుడు కాంక్రీటు భవనంలో ఉన్నవారు మెట్లవైపు పరుగెత్తక, దృఢమైన బల్ల కింద తలదాచుకోవాలి. మట్టి మిద్దెలో తలుపు దగ్గరే ఉన్నవారు మాత్రం వెంటనే ఆరుబయటకు రావడం మేలు.

భూకంపం సంభవించే తేదీ, సమయం ముందుగా చెప్పగల విధానం నేటికీ ప్రపంచంలో ఎక్కడా లేదు. ప్రకంపనల తరువాత పుట్టే అట్టి వదంతులను ధ్రువీకరించుకొనకుండా ప్రచురించరాదు. సమాచారం కొరకు జిల్లా విపత్తు నియంత్రణ గదిని 1077 నంబరుపై, రాష్ట్ర స్థాయిలో 1070పై సంప్రదించవచ్చును.