ఉమ్మడి పనిలో మనుష్యు లెట్లు నిర్ణయించుకొందురు?

పంటకాలువ పూడిక తీయుటకు ఇంటికొక మనిషి రావలెనని ఊరివారు కట్టుబాటు చేసికొనిరనుకొందము. ఒక్క ఇంటివాడు రాకున్నను కాలువ పారును, వాని పొలమునకును నీరందును. ప్రతివాడును ఇట్లే లెక్కచూచుకొన్నచో ఎవ్వడును పార పట్టడు. కాని మనుష్యులు నిజముగా ఈ లెక్కనే పట్టి నడతురా?

దీనినిగూర్చి జూరిక్ నగరమున ఎర్నెస్టు ఫెర్, సైమన్ గేక్టర్ అను పండితులు చేసిన పరీక్ష 2000 సంవత్సరమున ప్రకటింపబడినది. నలుగురిని ఒక జట్టుగా జేసి, తడవకు తలకు 20 బిళ్లలిచ్చిరి. తుదకు బిళ్లలకు సొమ్ము ముట్టును. ఎవరికి తోచినన్ని వారు ఉమ్మడి నిధిలో వేయవచ్చును. నిధిలో 10 బిళ్లలు పడినచో నలుగురికిని తలకు 4 వచ్చును. అనగా వేసినవానికి 6 నష్టము, జట్టునకు మొత్తముమీద 6 లాభము. అందఱును ఉన్నవన్నియు వేసినచో తలకు 32 దక్కును.

మొదట జనులు సుమారు సగము వేసిరి. రానురాను తగ్గించి, పదవ తడవకు చాలమంది ఏమియు వేయరైరి. అందఱును స్వార్థపరులేయని దీనికర్థము కాదు. వారే ఉర్స్ ఫిష్‌బాకర్‌తో గూడి 2001లో ప్రకటించిన మఱియొక పరీక్షలో, ఇతరులు వేసినకొలది తామును వేయువారు సగముమంది. ఎవరెంత వేసినను తామేమియు వేయనివారు సుమారు నూటికి 30. ఈ ముప్పదిమందిని చూచి తక్కినవారు చేయి ముడుచుకొందురు.

పిమ్మట, ఎగవేసినవానికి జుల్మానా వేయు అధికారమును జట్టువారికే యిచ్చిరి. అందులకు వేయువానికిని కొంత ఖర్చగును. లెక్కప్రకారము ఇది వెఱ్ఱిపని. అయినను పలువురు ఆ ఖర్చునకు వెనుదీయలేదు, నిధి నిండసాగినది.

పరదేశపు విద్యార్థుల ముచ్చట మనకెందుకని చదువరు లడుగవచ్చును. కర్నూలు జిల్లా కాలువక్రింది గ్రామములను పరిశీలించి రాబర్టు వేడ్ 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కాలువ చివర, నీటికి కటకటగానున్న ఊళ్లవారు తామే కూడి, నీరు పంచుటకును పైరు కాచుటకును ఉమ్మడి మనుష్యులను పెట్టుకొనిరి. కోతలైన పొలములలో మందలు మేపుకొను హక్కు నమ్మి ఆ ఖర్చునకు సొమ్ము కూర్చిరి. నీరు సమృద్ధిగా నుండు ఎగువ ఊళ్లలో ఇట్టి యేర్పాట్లు అరుదు. వారు చెడ్డవారని కాదు, వారికి అక్కఱ కలుగలేదు.

సంఘములో వాయిదా తప్పక కట్టు రైతు చూచుచుండునదియు ఇదియే. పెద్ద కామందు బాకీ మూడేండ్లుగా కదలకున్నను అడుగువాడు లేడని తెలిసిననాడు, కట్టగలిగియు అతడు జాగుచేయును. కావున మహాసభలో బాకీల జాబితాను పేర్లతో చదువవలయునని మేము కోరుచున్నాము. చిన్న పేర్లను గట్టిగా చదివి పెద్ద పేర్లవద్ద దగ్గు వచ్చుట కొన్నిచోట్ల మేమెఱుగుదుము. అట్టి చదువుకంటె చదువకుండుటయే మేలు.